ఇల్లున్నోళ్లకు రూమెందుకు

హనుమండ్లుకు ఒక డబుల్ బెడ్డు సర్దడానికి ఆరు నిమిషాలు చాలు. పాత దుప్పటి లాగేస్తాడు. పరుపు సందుల్లో ఎవరైనా ఏమైనా మరిచిపోయారేమో చెయ్యి పెట్టి చూస్తాడు. కొత్త తెల్ల దుప్పటి పరిచి నాలుగు మూలలూ మడిచి పరుపు కిందికి దోపుతాడు. దిండు గలేబుల నోళ్లు తలుపు వైపు కనపడకుండా తిప్పి పెడతాడు. పన్నెండేళ్లుగా దుబాయిలో ఆయన చేస్తున్న పని ఇదే. సరదాగా నాలుగు రోజులు ఉండి పోవడానికి వచ్చేవాళ్లు ఫోనులో బుక్ చేసుకునే ఫ్లాట్లను శుభ్రం చేసే కంపెనీ అది. ఒక జంట పదకొండింటికి ఖాళీ చేస్తుంది. ఇంకో జంట మూడింటికి దిగుతుంది. ఆ నడుమనున్న నాలుగు గంటల్లో ఆయనా ఒక నేపాలీ ఆయనా కలిసి ఐదు ఫ్లాట్లు ముగించాలి. స్నానాలగది జాలీలో ఒక్క వెంట్రుక కనపడినా వచ్చినవాళ్లు ఫోనులో ఇచ్చే ఐదు చుక్కల్లో ఒకటి తగ్గిస్తారు. చుక్క తగ్గిన రోజు సూపర్‌వైజర్ ఆ వెంట్రుక ఫోటో పంపుతాడు.

ఆ జంటలను హనుమండ్లు ఎప్పుడూ చూడలేదు. వాళ్లు వదిలిపోయినవే చూశాడు. అడుగున కొంచెం మిగిలిన రెండు గాజు గ్లాసులు, సగం కొరికిన పండు, బాల్కనీలో దగ్గరదగ్గరగా జరిపిన రెండు కుర్చీలు. కుర్చీలను మళ్లీ దూరం జరిపి, గోడకు సమానంగా పెట్టడం కూడా ఆయన పనే. ఇన్ని వేల పడకలు సర్దినవాడు అలాంటి పడక మీద ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. క్యాంపులో ఎనిమిది మంది ఉండే గదిలో పై బెర్తు ఆయనది.

మెట్‌పల్లికి ఏడు కిలోమీటర్ల దూరంలో ఆయనకు ఇల్లుంది. దుబాయి సంపాదనతో స్లాబు వేసిన ఇల్లు. నడుమ హాలు, అటూ ఇటూ రెండు అర్రలు. కట్టినప్పుడు ఒకటి అన్న పోశంకు, ఇంకొకటి హనుమండ్లుకు అనుకున్నారు. పోశం వ్యవసాయం చూసుకుంటాడు. పండించేది పసుపు. మూడేళ్ల కింద ధర నచ్చక అమ్మలేదు, తర్వాతా అంతే. బస్తాలు ఎక్కడ పెట్టాలన్న మాట మొదట వచ్చినప్పుడు, "తమ్ముడు ఈడ లేడు గద, వాని అర్ర ఖాళీగనే ఉన్నది" అన్నాడు. ఆ అర్రలో అప్పటిదాకా పడుకుంటున్న హనుమండ్లు భార్య వనిత, చాప చుట్టుకుని హాలులోకి వచ్చింది. హాలులో కూలరుంది. కూలరు ముందు అత్త భూమవ్వ మంచం ఉంది.

పెళ్లయిన నాలుగో నెలలో హనుమండ్లు విమానం ఎక్కాడు. రెండేళ్లకోసారి నలభై అయిదు రోజుల సెలవు. నడుమ కరోనా ఒక సెలవును మింగేసింది. వాళ్లకు తొమ్మిదేళ్ల కూతురు అమూల్య ఉంది. గురుకులంలో చదువుకుంటుంది. వనిత బీడీలు చుడుతుంది. చేతులు పనిలో ఉన్నా తల ఖాళీగా ఉండే పని అది. ఒకరోజు తునికాకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ లెక్క వేసుకుంది. ఆ రాత్రి ఫోనులో మొగుడికి చెప్పింది.

"మన లగ్గమైనంక మనిద్దరం కలిసున్నది ఇంక ఏడాది నిండలే, ఎరుకేనా?"

ఆ కొద్ది రోజులు కూడా ఎలా గడుస్తాయో ఇద్దరికీ తెలుసు. దుబాయి నుంచి మనిషి దిగాడంటే పొద్దున లేచేసరికి అరుగు మీద నలుగురుంటారు. ఒకరు కొడుకు పంపిన సంచి కోసం, ఒకరు తమ పిల్లాడికి వీసా దొరుకుతుందేమోనని, ఒకరు ఊరికే. రాత్రయితే హాలులో చాప, చాపకు రెండు మూరల దూరంలో భూమవ్వ మంచం. ఆమెకు నిద్ర తక్కువ. గంటకోసారి లేచి నీళ్లు తాగుతుంది. తాగినప్పుడల్లా చీకట్లోకి చూసి, "కొడుకా, నిద్రవట్టిందా?" అని అడుగుతుంది. ప్రేమతోనే అడుగుతుంది.

తను సర్దే ఫ్లాట్ల గురించి హనుమండ్లు ఫోనులో చెబుతుండేవాడు. ఈసారి సెలవు ఖాయమైనప్పుడు వనిత అడిగింది.

"గసొంటిది నాల్గు దినాలు మనకు దొరకదా? దుబాయిల కాదు తియ్. ఈడనే యాడనన్న."

దొరికింది. కరీంనగర్‌లో, మానేరు డ్యాం కనపడే మూడో అంతస్తు ఫ్లాటు. ఫోటోల్లో తెల్ల దుప్పటి, బాల్కనీలో రెండు కుర్చీలు. ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు. హనుమండ్లు క్యాంపులో బెర్తు మీద పడుకునే బుక్ చేశాడు. ఎందరు అన్న దగ్గర ఇద్దరు అని నొక్కాడు. ఓనరు బొటనవేలు బొమ్మ పంపాడు.

ఇక మిగిలింది ఇంట్లో చెప్పడం. ఉన్నది ఉన్నట్టు చెప్పడం కుదరదు. తల్లి ముందు, అన్న ముందు ఏ మొహంతో చెబుతాడు? సెలవు మీద వచ్చిన పదో రోజు, నడుము నొప్పికి కరీంనగర్‌లో పరీక్షలు చేయించుకోవాలని, నాలుగు రోజులు పడుతుందని చెప్పాడు.

"నేనొస్త" అన్నాడు పోశం.

"నేను గూడ వస్త. ఒక్కదానికి వనితకేమెరుక?" అంది భూమవ్వ.

ఆ ఇళ్లల్లో దవాఖానకు ఇద్దరే పోవడమనేది లేదు. తోడు పోకపోతే తర్వాత మాట పడాల్సి వస్తుంది. ఆ ఇద్దరినీ ఆపడానికి వనితకు రెండు రోజులు పట్టింది. పెద్ద డాక్టరు ఒక్కరికంటే ఎక్కువ మందిని లోపలికి రానివ్వడని చెప్పి చివరికి ఒప్పించింది. పోశం పెళ్లాం ఎల్లక్క మాత్రం తోడికోడలి సంచి వైపు చూసి, "దవఖానకు గీ కొత్త చీరెందుకే?" అంది. వనిత వినిపించుకోనట్టు బస్సెక్కింది.

పన్నెండు దాటాక ఫ్లాటు ముందు దిగారు. తాళంచెవి చేత్తో పట్టుకుని కేర్‌టేకర్ అంజి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పాతికేళ్లుంటాయి. ఆధార్ కార్డులు అడిగాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇద్దరియి అడ్రసులు వేరే ఉన్నయి. ఇంటిపేర్లు గూడ వేరే ఉన్నయి."

"నాది పుట్టింటి అడ్రసు" అంది వనిత. "బీడీల పీఎఫ్ పుట్టింటి పేరు మీదనే ఉన్నది. ఆధార్ల మారిస్తే పీఎఫ్ ఆగుతదని మా కాడ ఎవ్వలం మార్చం."

"వచ్చినోళ్లంత ఏదో ఒకటి చెప్తరమ్మా."

"వచ్చినోళ్లంటే ఎవలు?"

హనుమండ్లు తాను దుబాయి నుంచి సెలవు మీద వచ్చానని చెప్పాడు. అయితే పాస్‌పోర్టులో భార్య పేరుంటుంది కదా, చూపించమన్నాడు అంజి. పెళ్లికి ముందు తీసిన పాస్‌పోర్టు అది. పదేళ్లకు కొత్తది చేయించినప్పుడు ఏజెంటు పాత వివరాలే దించేశాడు. లగ్గం ఫోటోలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. పెట్టె పసుపు బస్తాల వెనక ఉంది. గురుకులం గేటు దగ్గర కూతురితో ముగ్గురూ దిగిన ఫోటో హనుమండ్లు తన ఫోనులో చూపించాడు.

"ఫోటో ఎవలైనా దిగుతరన్నా" అన్నాడు అంజి. "నేనొకటి అడుగుత, తప్పనుకోకు. మెట్‌పల్లి ఈడికి రెండు గంటలు. ఇల్లున్నోళ్లకు రూమెందుకు? పెండ్లికచ్చిండ్రా? దవఖానకచ్చిండ్రా?"

హనుమండ్లు ఇంట్లో చెప్పిన అబద్ధాన్నే ఇక్కడా చెప్పొచ్చు. నోరు రాలేదు. "గిట్లనే. నాల్గు దినాలు ఉందామని" అన్నాడు.

"నేను గూడ గదే అంటున్న" అని అంజి నవ్వాడు.

ఆ నవ్వుకు వనిత మొహం మాడిపోయింది. అంజి ఓనరుకు ఫోను కలిపాడు. స్పీకరులో గొంతు పైకే వినిపించింది. "లోకల్ జంటలు వద్దని చెప్పిన గదా అంజీ? మొన్ననే పక్క ఫ్లాటోళ్లు లొల్లి చేసిండ్రు. ఇంట్ల పెద్దమనిషి ఎవరితోనైనా మాట్లాడి చూడు. కాదంటే పంపించెయ్, పైసలు తర్వాత చూద్దాం."

"నడువు, పోదాం" అన్నాడు హనుమండ్లు మెల్లగా.

వనిత కదల్లేదు. వెనక్కి తిరిగితే అంజి అనుకున్నదే నిజమవుతుంది. పైనున్న మూడో అంతస్తు బాల్కనీని ఒకసారి చూసి, అంజి వైపు తిరిగింది. "చెయ్ ఫోను. మా బావకు చెయ్. నేను ఎవని పెండ్లాన్నో మా బావ చెప్తడు" అని పోశం నంబరు ఒక్కో అంకె ఒత్తి పలుకుతూ చెప్పింది.

అంజి చేశాడు. "హనుమండ్లు మీకేమైతడు?"

"నా తమ్ముడు. ఏమైంది?" పోశం పొలంలో ఉన్నట్టున్నాడు, గట్టిగా అరిచాడు.

"ఆయన వెంబడి ఒకామె ఉన్నది, వనిత అని."

"మా మరదలు. వానికేమైందయ్యా? నువ్వెవలు? ఏ దవఖాన?"

"దవఖాన కాదు. నాల్గు దినాలకు రూము తీసుకుంటుండ్రు. అడుగుదామని చేసిన, అంతే" అని అంజి పెట్టేశాడు. తాళంచెవి వనిత చేతిలో పెట్టాడు. "ఏమనుకోకుండ్రి వదినా. జమానా మంచిగ లేదు."

మూడు నిమిషాల కిందటి దాకా లేని వరస అది.

లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాక హనుమండ్లు అన్నకు ఫోను చేయబోయాడు. వనిత ఆ చేయి పట్టుకుంది. "ఏమని చెప్తవ్? పొద్దుమీకి చెప్దాం. ఇప్పుడు బందువెట్టు. నాది గూడ బందువెడుత." రెండు ఫోన్లూ ఆపి టీవీ పక్కన పెట్టారు.

ఫ్లాటు ఫోటోల్లో ఉన్నంత బాగా లేదు. హనుమండ్లు ముందు స్నానాలగదిలోకి వెళ్లి జాలీ చూశాడు. వెంట్రుకలున్నాయి. ఫ్యాను రెక్కల మీద దుమ్ము. దుప్పటి మూలలు దోపలేదు, ఊరికే వేలాడుతున్నాయి. ఆయనకు కూర్చోబుద్ధి కాలేదు. దుప్పటి లాగి మళ్లీ పరచడం మొదలుపెట్టాడు. వనిత గోడకు ఆనుకుని చూసింది. పన్నెండేళ్లుగా మొగుడు దుబాయిలో ఏం చేస్తాడో వినడమే తప్ప కళ్లతో చూడలేదు.

"గిదే చేస్తవా ఆడ?"

"గిదే."

"గంత ఒత్తి ఒత్తి పరుస్తవ్. ఎవలో పండుకునేదానికి."

"ముడత ఉంటే చుక్క తగ్గుతది."

"ఇయ్యాల ఎవలు తగ్గియ్యరు గని, ఇగ చాలు. రా" అంది వనిత. వెళ్లి సరిగ్గా పక్క నడుమ కూర్చుంది, ముడతలు పడేటట్టు. కాసేపటికి ఆయనా కూర్చున్నాడు. తర్వాత ఇద్దరూ బాల్కనీలోకి వెళ్లారు. ఎండాకాలం మొదలై డ్యాంలో నీళ్లు దూరం జరిగాయి. కుర్చీలు దగ్గరికి లాగింది వనితే. ఆమె వేలి కొసలు బీడీలు చుట్టి చుట్టి నున్నగా అరిగిపోయి ఉంటాయి. హనుమండ్లు ఆ చేయిని తన చేతిలోకి తీసుకున్నాడు. ఎవరూ పిలవలేదు, నీళ్లడగలేదు, నిద్రపట్టిందా అని అడగలేదు. ఆ ఫ్లాటులో వాళ్లిద్దరూ ఇద్దరే ఉన్నది మూడు గంటలు.

మూడున్నరకు బెల్లు మోగింది. మోగిన బెల్లు ఆగకుండా మోగింది.

తలుపు తీయగానే భూమవ్వ కొడుకు మీద పడింది. "ఏమైంది కొడుకా? మాకు చెప్పకుంట దాస్తివా? ఎన్ని దినాలున్నదన్నడురా డాక్టరు?" వెనక పోశం, చేతిలో దుప్పటి, ప్లాస్కు. ఆ వెనక ఎల్లక్క, నెత్తి మీద బియ్యం సంచి. ఇంకా వెనక దాయాదులైన పాలివాళ్ల పెద్దమనుషులిద్దరు, వాళ్లను తెచ్చిన ఆటో డ్రైవరు. అందరి వెనక అంజి, దారి చూపించినందుకు సంతోషపడుతూ.

అంజి ఫోను పెట్టేశాక పోశం తమ్ముడికి ఇరవైసార్లు చేశాడు. స్విచాఫ్. మరదలికి చేశాడు. స్విచాఫ్. చివరికి అంజి నంబరుకే తిరిగి చేసి అడ్రసు కనుక్కున్నాడు. మనిషి దవాఖానకని వెళ్లాడు, పట్నంలో నాలుగు రోజులకు రూము తీసుకున్నాడు, ఫోన్లు ఆపుకున్నాడు. ఆ ఊళ్లో దీనికి ఒకటే అర్థముంది. రెండేళ్ల కింద మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన కిడ్నీల సంగతి ఇంట్లో చెప్పకుండా తిరిగిపోయాడు. మళ్లీ పెట్టెలో వచ్చాడు. మొగుడూ పెళ్లాం ఊరికే ఉండడానికి రూము తీసుకుంటారన్న ఆలోచన పోశంకు గాని, వెంట వచ్చిన పెద్దమనుషులకు గాని రాలేదు. ఎలా వస్తుంది?

"నడుము నొప్పే అవ్వా. పెద్దదేం కాదు" అన్నాడు హనుమండ్లు.

"నా మీద ఒట్టు పెట్టు."

"ఒట్టే అవ్వా."

"మరి ఫోనెందుకు బందువెట్టినవ్ రా?" అన్నాడు పోశం. "గుండె పగిలినంత పనైంది. రిపోర్టులేవి?"

అందరికంటే ముందు ఎల్లక్కకు అర్థమైంది. బియ్యం సంచి దించి, పక్క మీది ముడతలు చూసింది. బాల్కనీలో కుర్చీలు చూసింది. కొత్త చీర కట్టుకున్న తోడికోడలిని చూసింది.

"పరీక్షలు మంచిగనే అయినట్టున్నయి అత్తా. మనమే నడుమ లేపినం" అంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది కాని నవ్వు ఆగలేదు.

పెద్దమనుషుల్లో ఒకాయన దగ్గి బయటికి నడిచాడు. భూమవ్వకు ఇంకాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె ఏడుపు ఆగిపోయింది, గొంతు మారింది. "ఇంట్ల జాగ లేకనా గింత దూరమచ్చిండ్రు? నేను అడ్డమొస్తున్ననా మీకు?"

"జాగ ఉన్నది అత్తమ్మా" అంది వనిత. "పసుపుకున్నది."

పోశం మొహం ఎర్రబడింది. ఫ్యాను తిరుగుతుంటే రెక్కల మీది దుమ్ము మధ్యమధ్య రాలుతోంది. చివరికి అంజే నోరు తెరిచాడు. "ఫ్యామిలీ అని ముందే చెప్తే అయిపోవు గదన్నా. ఫ్యామిలీకైతే మా సారు ఎందరున్న ఏమనడు. ఉండుండ్రి, డ్యాం చూసి పోండ్రి."

అలా ఉన్నారు. పెద్దమనుషులు ఆటోలో వెనక్కి వెళ్లారు. ఊరికి ఈ సంగతి వాళ్లతోనే చేరింది. మిగిలినవాళ్లు, కట్టిన పైసలు ఎట్లాగూ రావు కదా అని ఆగారు. భూమవ్వకు ఏసీ నచ్చింది, పెద్ద పక్క ఆమెకిచ్చారు. ఎల్లక్క, వనిత ఆమె పక్కన పడుకున్నారు. మగవాళ్లు హాలులో చాప వేసుకున్నారు. రాత్రి ఏ వేళనో గదిలోంచి భూమవ్వ గొంతు వినిపించింది. "కొడుకా, నిద్రవట్టిందా?"

మూడు రాత్రులు అలాగే గడిచాయి. పగలు డ్యాం కట్ట మీద తిరిగారు, ఐస్‌క్రీములు తిన్నారు, ఫోటోలు దిగారు. ఫోటోల్లో వనిత ఎప్పుడూ ఒక కొసకు ఉంది. ఎల్లక్క వండిన కూర గిన్నె పక్క మీద ఒలికి తెల్ల దుప్పటికి పసుపు మరక పడింది. సబ్బు పెట్టబోయిన వనితను హనుమండ్లు ఆపాడు. సబ్బు తగిలితే అది ఎర్రగా మారుతుందని ఆయనకు తెలుసు. ఉత్త నీళ్లతో పిండి, బాల్కనీ ఎండలో ఆరేసి, రెండు పగళ్లు తిప్పుతూ తిప్పుతూ మరక పోయేదాకా వదల్లేదు.

ఖాళీ చేసే రోజు తెల్లారకముందే లేచాడు. జాలీలో తమవీ, అంతకుముందున్నవాళ్లవీ వెంట్రుకలన్నీ తీశాడు. ఫ్యాను రెక్కలు తుడిచాడు. దిండ్ల నోళ్లు తిప్పి పెట్టాడు. కుర్చీలు దూరం జరిపి గోడకు సమానంగా పెట్టాడు. వనిత సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది.

"సెలవు మీదచ్చి గూడ గిదే పనా?" అంది.

ఊళ్లో దిగేసరికి సంగతి బీడీల కంపెనీ దాకా పాకింది. బీడీలు అప్పజెప్పడానికి పోతే వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు అడిగారు. "వనితా, నీ మొగని నడుము తక్కువైందా?" "మా ఆయనకు గూడ నొస్తుందట, రూము నంబరు చెప్పే." వనిత కట్టలు లెక్కపెట్టి ఇచ్చి వచ్చేది. మూడో రోజు నుంచి బీడీలు పక్కింటామెకిచ్చి పంపింది.

ఒక సాయంత్రం భూమవ్వ పోశంను పిలిచి, ఆ అర్ర ఖాళీ చేయమంది. ఆమె మంచి మనసుతోనే చెప్పింది. బస్తాలను ఎక్కడికో చేర్చడానికి ట్రాక్టరు రావాల్సి వచ్చింది. మోయడానికి నలుగురు వచ్చారు. వాడకట్టంతా అరుగుల మీద కూర్చుని చూసింది. ఏ బస్తా ఎందుకు కదులుతోందో అందరికీ తెలుసు. "జల్ది మొయ్యుండ్రి, పొద్దుగూకుతుంది" అని ఎవరో అంటే వీధి వీధి నవ్వింది. ఎల్లక్క అర్ర కడిగి, కొత్త చాప పరిచి, అగరొత్తి కూడా వెలిగించింది.

ఆ రాత్రి వాళ్లిద్దరూ ఆ అర్రలోకి వెళ్లారు. తలుపు వేస్తే గడియ చప్పుడైంది. హాలులో మాటలు ఆగిపోయాయి. ఆగిన మాటలు చాలాసేపటిదాకా మళ్లీ మొదలు కాలేదు. వనిత గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి లేచి, తలుపు తీసి, బార్లా తెరిచి పెట్టింది. అప్పుడు హాలులో భూమవ్వ దగ్గి, మంచినీళ్లు తాగింది.

ఏప్రిల్ నడుమ హనుమండ్లు వెళ్లిపోయాడు. గురుకులానికి ఎండాకాలం సెలవులు ఇంకా ఇవ్వలేదు, అమూల్య ఇంటికి రాలేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కూర్చుని ఫోను చూసుకుంటే, నెల కిందట కరీంనగర్ ఓనరు రాసిన మాటలు కనపడ్డాయి. ఇంగ్లీషులో ఉన్నాయి, ఆయనకు ఆ ఇంగ్లీషు బాగానే వచ్చు. ఐదు చుక్కలు. కుటుంబంతో వచ్చిన మంచి మనుషులు. వచ్చినప్పటికంటే శుభ్రంగా ఇల్లు అప్పజెప్పారు. ఎవరైనా వీళ్లకు ఇల్లివ్వొచ్చు. కింద, మీరు కూడా మీ అనుభవం రాయండి అని ఉంది. గడువు అయిపోయింది అని కూడా ఉంది.

దుబాయిలో దిగిన వారానికి, పదకొండింటికి ఖాళీ అయిన ఒక ఫ్లాటులో దుప్పటి లాగుతుండగా వనిత ఫోను చేసింది. పని వేళలో ఎప్పుడూ చేయదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

"కొత్త పసుపు వచ్చిందట" అంది. "బావ అడుగుతుండు, అర్రల పెట్టుకోవాల్నా అని. ఏమనాలె?"

హనుమండ్లు దుప్పటి మూల దోపాడు. నేపాలీ ఆయన గడియారం చూపించాడు. ఇంకా మూడు ఫ్లాట్లున్నాయి.

"పెట్టుకోమను" అన్నాడు.

"నేను అప్పుడే పెట్టుకోమన్న" అంది వనిత. "ఊకె నీకు చెప్దామని చేసిన."

ఫోను పెట్టేసి ఆయన బాల్కనీలోకి వెళ్లాడు. రెండు కుర్చీలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. వాటిని దూరం జరిపి, గోడకు సమానంగా పెట్టి, సూపర్‌వైజర్‌కు ఫోటో పంపాడు.